బానెట్ మీది పసుపు

పసుపు పోయింది. చెంబెడు నీళ్ళు కుమ్మరించి, పాత చీరముక్కతో తుడిచి, వినోద రెండడుగులు వెనక్కి జరిగి చూసుకుంది. రోజుల తరబడి ఎండకు ఎండి, కారు బానెట్‌కు గట్టిగా అతుక్కుపోయిన స్వస్తిక్ గుర్తు మచ్చ కూడా లేకుండా పోయింది. హమ్మయ్య అనుకునేలోపే పక్కింటి రేకుల కప్పు మీదుగా ఎండ జారి నేరుగా బానెట్ మీద పడింది.

నేరేడుపండు రంగు కారు అది. ఆ రంగు మీద, పసుపు ఉన్నచోటల్లా, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి, సన్నటి తెల్లగీతలు. సబ్బు నురగేమో అనుకుని వేలితో రుద్దింది. నురగ కాదు. కొంగుతో రుద్దింది. పోలేదు. ఆమె చెయ్యి ఎటు తిరిగిందో గీతలు అటే తిరిగాయి. ఇత్తడి బిందె తోమితే పడే గీతల్లాగే ఉన్నాయి. బిందెకైతే అది మెరుపు.

వినోద కొంగు వదిలేసి గల్లీకి రెండు వైపులా చూసింది.

కారు వాళ్ళది కాదు. గోపాల్ సేటుది. వరంగల్ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం ఆయనది. వినోద భర్త హరికృష్ణ ఆయన దగ్గర డ్రైవరు. దసరా నాడు సేటు భార్య సావిత్రమ్మ తానే పసుపు తడిపి బానెట్ నడుమ స్వస్తిక్ వేసి, కుంకుమ బొట్లు పెట్టి, కొత్త కారు ముందర గుమ్మడికాయ కొట్టించింది. మూడో నాడు వాళ్ళిద్దరూ రైల్లో తిరుపతి పోయారు. వాళ్ళ గల్లీలో మురుగునీళ్ళ మోరీ కోసం రోడ్డు తవ్వి పెట్టడంతో, మేం వచ్చేదాకా మీ ఇంటి ముందరే పెట్టుకోమని హరికృష్ణకు తాళంచెవి ఇచ్చి పోయారు. హసన్‌పర్తిలో వీళ్ళుండే రెండు గదుల అద్దె ఇంటి ముందు ఆ కారు తొమ్మిది రోజులుగా నిలబడి ఉంది. వినోద దాని పక్కనుంచి నడిచినప్పుడల్లా కొంగు తగలకుండా దగ్గరికి లాక్కుని నడిచింది.

అంత జాగ్రత్తగా ఉన్నది, ఇవాళ తానే తోమింది.

రేపు సోమవారం పొద్దున ఎనిమిదింటికి సేటు వాళ్ళు రైలు దిగుతారు. వాళ్ళు చూసేసరికి కారు అద్దంలా ఉండాలని ఆమె ఆశ. హరికృష్ణ తన తల్లి సమ్మమ్మను ఊరి బస్సు ఎక్కించడానికి బైకు మీద పోయాడు. తిరిగొచ్చేలోపు కడిగి పెడదామనుకుంది. గుడ్డతో రాలేదు. గోటితో గీకితే గోళ్ళు పచ్చబడ్డాయి గాని అది కదల్లేదు. స్టీలు పీచు పట్టుకుని, వద్దనుకుని పక్కన పెట్టింది. ఆ మాత్రం తెలివి ఆమెకుంది. ఆకుపచ్చని మెత్తటి పీచు తీసుకుంది. నాన్‌స్టిక్ గిన్నెలకు కూడా గీత పడదని చెప్పి సావిత్రమ్మే దసరా చీరతో పాటు నాలుగు ఇచ్చింది.

మామూలుగానే వినోదకు భయం ఎక్కువ. గ్యాస్ కట్టేసిందో లేదో మూడుసార్లు చూసుకోందే గడప దాటదు. నాలుగేళ్ళ కూతురు దీప్తి మరీ ప్రశాంతంగా పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. కాని ఇప్పుడు భయానికి కారణం ఎదురుగా, ఎండలో మెరుస్తూ ఉంది.

హరికృష్ణకు ముందు సేటు దగ్గర కొమురయ్య అనే డ్రైవరుండేవాడు. వెనక తలుపుకు సొట్ట పడితే నాలుగు రోజులు చెప్పలేదు. అడిగితే నాకు తెలవదన్నాడు. తెలిసిన పూటే సేటు అతని చేతిలోంచి తాళంచెవి తీసుకుని పంపేశాడు. "గుద్దినందుకు కాదు, చెప్పనందుకు పంపిన" అని హరికృష్ణతో తొలిరోజే అన్నాడు.

ఆ కొలువుకు ముందు హరికృష్ణ లారీ నడిపేవాడు. పదిహేను రోజులకోసారి ఇల్లు చేరేవాడు. దీప్తి అతణ్ణి చూసి తలుపు వెనక దాక్కునేది. ఒకసారి "అమ్మా, మామ వచ్చిండు" అంది. హరికృష్ణ నవ్వాడు గాని ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు. ఇప్పుడు ఏడు కొట్టేసరికి తండ్రి ఇంట్లో ఉంటాడు. దీప్తి ఆరున్నర నుంచే గడప మీద కూర్చుంటుంది. ఆ కొలువు పోతే మళ్ళీ లారీయే. ఆ ఆలోచన రాగానే వినోద ఇంట్లోకి పరుగెత్తి, చేతికి దొరికిన జంపఖానా తెచ్చి బానెట్ మీద కప్పేసింది.

పుట్టింటినుంచి తెచ్చుకున్న జంపఖానా అది. వాళ్ళ అమ్మ కొత్తవాడలో నూలుకు రంగులద్దుతుంది. ఎర్రచారల అంచు ఒకచోట చిరిగితే, కుట్టేందుకు తీరిక లేక వినోద పిన్నీసు పెట్టి ఉంచింది.

కప్పి ఇటు తిరిగిందో లేదో బైకు వచ్చి ఆగింది.

"ఏందే ఇది? కారుకు దుప్పటి కప్పినవ్, సలి పెడ్తాందా దానికి?"

"ఎండ... ఎండ కొడ్తాందని."

"తొమ్మిది దినాల సంది కొట్టని ఎండ గియ్యాల్నే కొట్టిందా?" అంటూ హరికృష్ణ జంపఖానా కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

కర్రుమని చప్పుడైంది. చిన్న చప్పుడే. వినోదకు పంటి కింద రాయి పడ్డట్టయింది.

అతను ముందు గుండ్రటి గీతలు చూశాడు. తర్వాత ఆ గీతల నడుమనుంచి అంచుదాకా జానెడు పొడుగున పడ్డ కొత్త గీత చూశాడు. చేతిలోని జంపఖానాను చూశాడు. పిన్నీసు నోరు తెరుచుకుని ఉంది.

"తోమినవా? కారును? ఏమనుకున్నవే, గంజు అనుకున్నవా?"

"మెత్తటి పీచే. సావిత్రమ్మ ఇచ్చిందే."

"మరి ఈ పొడుగుది?"

వినోద తల వంచుకునే చెప్పింది. "అది నువ్వు గుంజినప్పుడు పడ్డది."

"పిన్నీసు పెట్టిందెవలు?"

"గుంజిందెవలు?"

గడప మీద కూర్చుని పాలగ్లాసు పట్టుకున్న దీప్తి అడిగింది. "నాయినా, కారుకు దెబ్బ తాకిందా? మందు పెడ్తవా?"

హరికృష్ణ కోపం ఎక్కడికి పోవాలో తెలియక అతని దవడ దగ్గరే ఆగిపోయింది. ఫోను తీసి, పెద్ద గ్యారేజీలో పనిచేసే తెలిసినతనికి చేశాడు. వినోద అతని మొహమే చూస్తూ నిలబడింది. అవతల ఏమన్నారో గాని మొహం అంతకంతకు పొడుగైంది.

"బానెట్ మొత్తం విప్పి రంగు కొట్టాల్నట. మూడు దినాలు. నా నెల జీతం అటే పెట్టాలె. ఇయ్యాల ఆదివారం, గ్యారేజీ బంద్."

"రేపు పొద్దుగాలనే గదా వాళ్ళు వచ్చేది."

"నాకు తెల్వదా?"

ఇద్దరూ కారుకు చెరోపక్కన నిలబడ్డారు. హరికృష్ణ ఫోను జేబులో పెట్టుకుంటూ అన్నాడు. "మొగిలి కాక దగ్గరికి పోదాం. లారీల మీద తామరపూలు, పులిబొమ్మలు ఏసేటోడు. ఇప్పుడు స్టిక్కర్లొచ్చినంక కార్ల గీతలు చూస్తాండు. ఆయనకు ఆదివారం లేదు, సోమవారం లేదు."

"నేను గూడ వస్తా."

"నువ్వొచ్చి ఏం చేస్తవ్?"

"ఇంట్ల ఉండి ఏం చెయ్యాలె? ఈ గోడకు తల కొట్టుకోవాల్నా?"

గ్యాసు మూడుసార్లు చూసుకుని, దీప్తిని ఒళ్ళో పెట్టుకుని, వినోద మొదటిసారి ఆ కారెక్కింది. సీటు ఎంత మెత్తగా ఉందో ఆమెకు తెలియనేలేదు. దారి పొడుగునా ముందు అద్దంలోంచి బానెట్టే కనిపించింది. ఎదురొచ్చే ప్రతివాడూ దాన్నే చూస్తున్నట్టనిపించింది.

ములుగు రోడ్డు పక్కన నాలుగు ఇనుపగుంజలు పాతి, పైన నీలిరంగు పట్టా కట్టిన షెడ్డు మొగిలయ్యది. చుట్టూ మూతలు ఎండిపోయిన రంగుడబ్బాలు. మొగిలయ్యకు అరవై దాటి ఉంటాయి. అద్దాలు నుదుటి మీదికి నెట్టి, కారు చుట్టూ ఒకసారి నడిచి, బానెట్ దగ్గర ఆగాడు.

"ఎవలు తోమిండ్రురా హరీ?"

హరికృష్ణ వినోద వైపు చూశాడు. "నేనే కాక" అంది వినోద.

"మంచిగనే తోమినవ్ బిడ్డా. మా ఇంట్ల గంజులు గింత తెల్లగ ఎన్నడు కాలే."

ఆమెకు ఏడుపొచ్చింది. మొగిలయ్య అది చూసి గొంతు తగ్గించాడు. "ఏడ్వకు. దీని సంగతి ఏందో దాన్నే అడుగుదాం పా." మగ్గుతో నీళ్ళు తెచ్చి బానెట్ మీద పోశాడు.

వినోద కళ్ళు పెద్దవయ్యాయి. నీళ్ళు పారుతున్నంతసేపు గుండ్రటి గీతలు ఒక్కటీ కనిపించలేదు. కారు కొత్తదానిలా నిగనిగలాడింది. పొడుగు గీత మాత్రం నీళ్ళ కింద కూడా తెల్లగా అట్లాగే ఉంది.

"చూసినవా? రంగు మీద అద్దం లెక్క ఒక పొర ఉంటది. నీ పీచు ఆ పొరనే గీకింది, రంగు దాక పోలే. నీళ్ళల్ల మాయమైనయంటే పాలిష్‌కు పోతయ్. ఇగ దీని మీద గోరు పెట్టు." వినోద చూపుడువేలి గోరు పొడుగు గీత మీద నడిపించింది. గోరు చిక్కుకుంది. "ఆఁ. గోరు ఆగిందంటే లోతుకు పోయినట్టు. దీనికి రంగు నింపాలె. గీతంత మందమే. బానెట్ విప్పుడెందుకు, మొత్తం కొట్టుడెందుకు? గోరు కొనకు దెబ్బ తాకితే చెయ్యంత కట్టు కడ్తరా?"

హరికృష్ణ ఊపిరి వదిలాడు. వినోద వదల్లేదు. పని అయిపోయేదాకా ఆమెకు ఊపిరి ఆడదు.

మొగిలయ్య సబ్బునీళ్ళతో దుమ్ము పోయేదాకా కడిగి, తుడిచి, ముద్దలాంటి పాలిష్ కాంపౌండును స్పాంజికి రాసి గుండ్రటి గీతల మీద రుద్దసాగాడు. ఆ చెయ్యి కూడా గుండ్రంగానే తిరిగింది. తన చెయ్యిలాగే. ఆ చెయ్యి తిరిగినచోట గీతలు పుట్టడానికి బదులు మాయమవుతుంటే వినోద కన్నార్పకుండా చూసింది. గంటకు అక్కడ పీచు తగిలిందని ఎవరూ చెప్పలేనట్టయింది.

మిగిలింది పొడుగు గీత. తలుపు సందులో అతికించిన చీటీ మీద రంగు నంబరు ఉంది. ఆ నంబరు చెప్తే మిషన్ మీద కలిపిచ్చే దుకాణం ఆదివారం మూసి ఉంటుంది.

"ఫికర్ లేదు. నలభై ఏండ్ల సంది కంటితోనే కలుపుతాన" అన్నాడు మొగిలయ్య. రేకుముక్క మీద నీలం పోసి, నలుపు చుక్కేసి, పుల్లతో కలిపి బానెట్ పక్కన పెట్టాడు. "ఎట్లున్నది హరీ?"

"అచ్చం గదే కాక."

అచ్చం అదే. వినోద కూడా చూసింది. అదే అనిపించింది. కాని లోపల ఏదో పురుగు తొలిచింది. ఇది తన మామూలు భయమా, నిజంగా ఏదైనా ఉందా? తొమ్మిదో తరగతిలో, రంగునీళ్ళకు చేతులు పగిలి అమ్మ మంచాన పడితే, బడి మానేసి రంగు తొట్ల దగ్గర నిలబడింది వినోద. ఆ తర్వాత ఐదేళ్ళు నిలబడింది. బ్యాంకులో కాగితం నింపాలంటే ఇప్పటికీ పక్కవాళ్ళ మొహం చూస్తుంది. రంగు విషయంలో మాత్రం ఎవరి మొహమూ చూసిన గుర్తులేదు. తలెత్తి పైకి చూసింది. నీలిరంగు పట్టా. ఎండ దాంట్లోంచి వడపోసినట్టు దిగి, మొగిలయ్య తెల్ల బనీను మీద, దీప్తి పాలబుగ్గల మీద, అన్నిటి మీదా నీలంగా పడుతోంది.

"కాక, ఒక మాట అంటా, కోపానికి రావు గదా."

"అను బిడ్డా."

"ఈ పట్టా కింద ఏదైనా నీలంగనే కనిపిస్తది. జర ఎండలకు పట్టుకపోయి చూద్దామా? తడి మీద గూడ వద్దు, ఎండనియ్యి. మా అమ్మ నూలుపోగు ముంచితే, పిండి, ఆరబెట్టి, బయట ఎలుగుల చూసినంకనే తొట్టిల నూలు లడీలన్ని ఏస్తది."

"ఏ ఊరు మీది?"

"కొత్తవాడ. చిలుకమ్మ బిడ్డను."

"రంగులోళ్ళ బిడ్డవా! గిది ముందుగాల చెప్పవైతివి. హరిగా, గీమెను ఇంట్ల గంజుల కాడ కూసోబెట్టినవేందిరా?"

రేకు ఆరాక కారును షెడ్డు బయటికి తోసుకొచ్చారు. ఎండలో పక్కపక్కన పెట్టి చూస్తే మొగిలయ్య రంగు స్కూలు పిల్లల నీలం లాగు రంగులో ఉంది. కారు నేరేడుపండులా ఉంది. హరికృష్ణ నాలుక కరుచుకున్నాడు.

"ఎరుపు తక్కువైంది" అంది వినోద. "ఒక్క చుక్క. పెద్దది కాదు. పుల్ల కొనకు ఎంత ఆగితే అంతే."

మొగిలయ్య వేశాడు. ఆరబెట్టి చూశారు. ఇంకా కాదు. ఇంకో చుక్క. ఈసారి ఎక్కువై వంకాయ రంగు దిగింది. మళ్ళీ నీలం, మళ్ళీ పుల్ల కొన. దీప్తి రేకుముక్కలు వరుసగా పేర్చి "ఇది నాది, ఇది నాయినది" అని పంచుతోంది. ఐదో ముక్క దగ్గర మొగిలయ్య అద్దాలు కిందికి లాగి, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నా కంటికి నాలుగోది, ఐదోది ఒక్కతీర్గనే ఉన్నయ్ బిడ్డా. నువ్వే చెప్పు."

వినోద ఎండలో చూసింది. తన నీడ పడేట్టు నిలబడి చూసింది. కళ్ళు మూసి తెరిచి చూసింది. తప్పు చెప్తే రేపు పొద్దున ఏమవుతుందో కూడా చూసింది. 

"ఐదోది."

పులిబొమ్మల కళ్ళు దిద్దే సన్నటి కుంచెతో మొగిలయ్య గీత వెంట రంగు నింపాడు. ఆరాక రెండోసారి నింపాడు. దాని మీద మెరుపుపొర వేశాడు. పొద్దు వాలేసరికి ఎదురుగా నిలబడితే గీత లేదు. పక్కకొచ్చి, వంగి, ఫలానాచోట అని తెలిసి చూస్తే వెంట్రుకంత ఉంది.

"కాంపౌండుకు, నా రెక్కలకు ఆరు వందలియ్యి" అన్నాడు మొగిలయ్య. "రంగు నీ పెండ్లాం కలిపింది, దానికి నేనేం తీసుకోను. ఒక్కటి మాత్రం ఇనుండ్రి. పైకి ఆరినట్టే కనిపిస్తది గని లోపల ఇంక పచ్చిగనే ఉంటది. వారం దాక దీని మీద చెయ్యి పెట్టద్దు, పీచు పెట్టద్దు, ఏదీ పెట్టద్దు. మరక పడితే ఇగ తాగేస్తది, నేను గూడ ఏం చెయ్యలేను."

ఇంటికొచ్చే దారిలో హరికృష్ణ కూనిరాగం తీశాడు. ఇంటి ముందు కారాపి, దిగబోతున్న వినోద చెయ్యి పట్టుకున్నాడు. "రేపు స్టేషనుకు నువ్వు రాకున్నా నడుస్తది."

"వస్తా. ఇంట్ల ఉంటే పానం ఆగదు."

"వస్తే రా. గని నోరు తెరువకు. పసుపు ఏమైందని అడిగితే వాన పడ్డదని చెప్తా."

"వాన పడలే గదా."

"తిరుపతిల ఉన్నోళ్ళకు ఈడ వాన పడ్డదో లేదో ఏం తెలుస్తది?"

"కొమురయ్య గూడ గిట్లనే అనుకున్నడేమో" అంది వినోద. హరికృష్ణ చెయ్యి వదిలేశాడు.

మర్నాడు ఎనిమిదింటికి వరంగల్ స్టేషన్ బయట ఆటోల వరస పక్కన కారాగింది. వినోద దీప్తిని ఎత్తుకుని దిగి నిలబడింది. సేటు చేతిసంచీతో, సావిత్రమ్మ లడ్డూల కవరుతో బయటికొచ్చారు. గోపాల్ సేటు పొట్టిమనిషి. గుండు మీద గంధం ఇంకా అంటుకుని ఉంది. కారును దూరంనుంచే చూసి "మంచిగ పెట్టినవ్‌రా" అన్నాడు. వినోద గుండెదడ ఒక మెట్టు దిగింది.

సావిత్రమ్మ దీప్తి చేతిలో లడ్డూ పెట్టి, బుగ్గ గిల్లి, అప్పుడు బానెట్ వైపు తిరిగింది.

"అయ్యో, స్వస్తిక్ ఏదిరా హరీ?"

"మొన్న పెద్దవాన పడ్డదమ్మా" అన్నాడు హరికృష్ణ. ఎక్కడా తడబడలేదు. "మొత్తం కొట్టుకపోయింది."

"అవునా? సరేతియ్ మరి." సావిత్రమ్మ నమ్మేసింది. సేటు వెనక డిక్కీలో సంచి పెడుతున్నాడు. అయిపోయింది. ఇంత తేలికగా అయిపోయింది. హరికృష్ణ క్రీగంట వినోదను చూశాడు. ఆమె దీప్తి జడ సవరించింది, మొహం దాచుకోవడానికి.

"పూజైన బండికి నెల తిరగకుండ గుర్తు పోవద్దు" అంటూ సావిత్రమ్మ చేతిసంచిలోంచి చిన్న పొట్లం తీసింది. "కొండ మీదనుంచి తెచ్చిన పసుపు. ఇప్పుడే పెడ్తా." అరచేతిలో పోసుకుని, సీసాలోని నీళ్ళు చిలకరించి, వేలితో కలిపింది. చిక్కటి ముద్ద. వేలు నిండా తీసుకుని బానెట్ మీదికి వంగింది. సరిగ్గా నడుమకు. సరిగ్గా నిన్న రంగు నింపినచోటికి.

వినోదకు పచ్చిరంగు ఆ పసుపును తాగడం కళ్ళ ముందే కనిపించింది. ఎన్నటికీ పోని పచ్చగీత. అది పోవడం లేదని సావిత్రమ్మే ఇంకో పీచు ఇస్తుంది. హరికృష్ణ కళ్ళతోనే వద్దంటున్నాడు. వేలు ఇంకా బెత్తెడు దూరంలో ఉంది.

"వద్దమ్మా! పెట్టకుండ్రి!"

ఆటోవాళ్ళు కూడా ఇటు తిరిగారు. సావిత్రమ్మ వేలు గాలిలో ఆగింది.

"ఆడ రంగు పచ్చిగున్నది" అంది వినోద. మొదలయ్యాక ఇక ఆగలేదు. "వాన పడలేదమ్మా. నేనే కడిగిన. మీరొచ్చేటాల్లకు మంచిగుండాల్నని కడిగిన. పోకపోతే పీచుతోటి తోమిన. గీతలు పడ్డయ్. జంపఖానా కప్పితే పిన్నీసు గీరి ఇంకోటి పడ్డది. ములుగు రోడ్డుకాడ మొగిలయ్య దగ్గర చేపిచ్చినం. ఈయన తప్పేం లేదు."

జంపఖానా గుంజిందెవరో ఆమె చెప్పలేదు. హరికృష్ణ తల దించుకున్నాడు.

సేటు డిక్కీ మూసి ముందుకొచ్చాడు.  హరికృష్ణ ముందు చెయ్యి చాపాడు. హరికృష్ణ జేబులోంచి తాళంచెవి తీసి ఆ అరచేతిలో పెట్టాడు. వినోద ఆ చేతినే చూసింది. కొమురయ్య దగ్గర కూడా ఇట్లాగే తీసుకుని ఉంటాడు. దీప్తి చంకలో లడ్డూ తింటోంది. దీనికి మళ్ళీ తండ్రి మామ అవుతాడు.

సేటు బానెట్ ముందు నిలబడి చూశాడు. పక్కకొచ్చి చూశాడు. వంగి చూశాడు. "ఏడ?" అన్నాడు.

వినోద వేలితో చూపించింది, ముట్టకుండా. సేటు కళ్ళు చిట్లించి వెంట్రుక లాంటి గీతను పట్టుకున్నాడు.

"ఏ పీచు?"

"ఆకుపచ్చది సేటు. మన... మీ దుకాణంలదే. అమ్మ ఇచ్చింది."

"నాన్‌స్టిక్‌కు గీత పడదని అమ్ముతాం, గదేనా?"

"గదే."

సేటు నడుం నిలబెట్టి భార్య వైపు చూశాడు. "ఇన్నవా సావిత్రీ? ఇగ గా మాట జెప్పి అమ్ముడు బంద్ చెయ్యాలె." ముందు సావిత్రమ్మకు నవ్వొచ్చింది. ఆమె నవ్వు చూసి సేటు మూతి కదిలింది. హరికృష్ణ నవ్వలేదు. ఇంకా తల ఎత్తలేదు.

సేటు అతని వైపు తిరిగాడు. నవ్వు పోయింది. "వాన పడ్డదని ఎందుకన్నవ్‌రా?"

"భయమైంది సేటు."

"నీ పెండ్లానికి కాలేదా?"

 వినోదకు చెప్పాలనిపించింది, నాకే ఎక్కువైంది సేటు, నాకు ఎప్పుడూ అయితనే ఉంటది అని. దీప్తిని ఇంకో చంకకు మార్చుకుంది. సేటు తాళంచెవిని అరచేతిలో రెండుసార్లు ఎగరేసి హరికృష్ణ జేబులో పడేశాడు.

"వచ్చేసారి ఆమె చెప్పుడు కాదు, నువ్వు చెప్పాలె. నడువు, ఆకలైతాంది."

వచ్చేసారి అన్నాడు. వినోద ఆ ఒక్క మాటను పట్టుకుని నిలబడింది. సరిగ్గానే విన్నదా అని మనసులో మూడుసార్లు అనుకుని చూసుకుంది.

"మరి ఈ పసుపేం జెయ్యాలె? కొండ మీది పసుపు పారబొయ్యొద్దు" అంది సావిత్రమ్మ, అరచెయ్యి చాపుకునే.

"అద్దం మీద పెడదామమ్మా. అద్దం ఏం తాగదు."

"అయితే నువ్వే పెట్టు. నెల తిరిగినంక కడిగేదానివి నువ్వే గదా."

వినోద దీప్తిని దింపి, సావిత్రమ్మ చేతిలోని ముద్దను తన చేతిలోకి తీసుకుంది. సీసా అడిగి ఇంకొన్ని నీళ్ళు పోసింది. ఇంకొన్ని పోసింది. పలచగా, వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా కలిపి, డ్రైవరు చూపుకు అడ్డం రాకుండా, ముందద్దం మీద ఓ మూలకు చిన్న స్వస్తిక్ వేసింది.

"గంత చిన్నగనా?" అంది సావిత్రమ్మ.

"సాలమ్మా" అని, వినోద ఎండ ఏ పక్కనుంచి వస్తుందో తలెత్తి చూసుకుంది.